తేటనీరు – అణువుల తూనిక

ఒక వర్షాకాలపు మధ్యాహ్నం మా తెలుగు తరగతి ముగిసిన పిమ్మట జీవశాస్త్రం చదివే విద్యార్థిని ఒకరు పాఠ్యపుస్తకం తెరిచి మా ముందు ఉంచినది. బాక్టీరియా కణంలోని రైబోసోము 70 ఎస్ అనీ, అది 30 ఎస్, 50 ఎస్ అనే రెండు ఖండాల కలయిక అనీ అందులో ఉన్నది. "మాస్టారూ, ముప్పయ్యూ యాభయ్యూ ఎనభై గదా! ఇది అచ్చుతప్పేమో చూడండి" అని అడిగినది. తెలుగు చెప్పుకొని బ్రతికేవారము గనుక అచ్చుతప్పులు దిద్దడం మాకు అలవాటే. "ఎస్ అంటే ఏమిటమ్మా?" అన్నాము. "రైబోసోముకు గుర్తు, మాస్టారూ" అన్నది. మూడేండ్లుగా ఆ అక్షరాన్ని పరీక్షలలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్న పిల్లకు దాని అర్థం తెలియదు. ఆమెకు చెప్పవలసిన మాకూ తెలియదు. అచ్చుతప్పు లేదని మాత్రం మా రసాయనశాస్త్ర మిత్రులు చూడగానే తేల్చినారు. ఆ తరువాత నాలుగైదు సాయంత్రాలు వారి పక్కన కూర్చొని మేము తెలుసుకొన్నదే ఈ వ్యాసం. లెక్కలను వారు సరిచూచినారు, మాటలు మావి.

ఈ విషయం బోధపడాలంటే ముందుగా వరద గోదావరిని తలచుకోవాలి. ఎర్రనీరు వచ్చిన రోజులలో ఒక బిందెడు నీరు తెచ్చి కదల్చకుండా ఉంచితే ఏమగునో డెల్టాలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఇసుక వెంటనే అడుగుకు చేరును. సన్నని ఒండ్రు కొన్ని గంటలలో దిగును. ఇంకా సన్నని మట్టి మాత్రం మరునాటికీ నీటిని వదలదు. ఇందులోని లెక్కను స్టోక్స్ 1851లో ఏర్పరచినారు. మన ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని సాగుతున్న రోజులవి. ఆ లెక్క ప్రకారం మిల్లీమీటరులో పదవ వంతు వ్యాసం గల ఇసుక రేణువు సెకనుకు సుమారు 9 మిల్లీమీటర్లు దిగును. అడుగు లోతు బిందెను అరనిమిషంలో దాటును. మిల్లీమీటరులో అయిదువందలవ వంతు వ్యాసం గల మట్టి రేణువుకు అదే దూరానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టును. మిల్లీమీటరులో పదివేలవ వంతు రేణువుకైతే ఏడాది దాటును. వ్యాసం పదోవంతైతే వేగం నూరోవంతగును. పాపికొండలు దాటి వచ్చిన నది వేగం తగ్గినకొద్దీ ముతక ఇసుకను ముందు విడిచి, మెత్తని మట్టిని సముద్రందాకా మోసుకొని పోవుటకు కారణం ఇదే. మన లంకలూ కోనసీమ పొలాలూ ఈ లెక్క మీదనే ఏర్పడినవి.

మా దాదీ ఎర్రనీటి రోజులలో చిల్లగింజను రాతి మీద అరగదీసి ఆ గంధాన్ని బిందెలో కలిపేది. తెల్లవారేసరికి నీరు తేటదేరేది. గింజలోని పదార్థం మట్టి రేణువులను ఒకదానికొకటి అంటించును. అంటుకొన్న గుంపు బరువు పెరిగినంతగా దానిని అడ్డుకొనే నీటి ఘర్షణ పెరగదు. అందుచేత గుంపు త్వరగా దిగును. ఈ ఒక్క వాక్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. మా విద్యార్థిని ప్రశ్నకు జవాబు దీనిలోనే ఉన్నది.

రేణువులు అడుగుకు దిగుటను మన పాఠ్యపుస్తకాలు 'అవసాదనం' అంటున్నవి. మాట గట్టిదే గాని పిల్లలకు అందులో నీరూ కనబడదు, మట్టీ కనబడదు. మా ఉర్దూ శాఖ వారిని అడిగితే 'తహ్‌నషీన్ హోనా' అన్నారు. అనగా అడుగున ఆసీనమగుట. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో విజ్ఞానశాస్త్ర బోధన చేపట్టినప్పుడు దాని అనువాద శాఖ ఇటువంటి మాటలను ఎంతో శ్రమతో కూర్చినది. అణువుకు వారి మాట 'సాలిమా'. రెండు భాషలూ వచ్చిన మన విద్యార్థులు ఒక మాట తెలియకుంటే రెండవదాని సాయంతో అర్థం పట్టవచ్చును. ఈ సౌకర్యం అందరికీ ఉండేది కాదు.

ఇక మట్టిని వదలి నీటిలో కరిగిన పదార్థం సంగతి చూద్దాము. మన రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ అణువు వ్యాసం మిల్లీమీటరులో సుమారు రెండు లక్షలవ వంతు. అది నీటికన్న సాంద్రమైనదే. కనుక అదీ దిగవలసినదే. భూమ్యాకర్షణ ఒక్కటే పనిచేస్తే అది ఏడాదికి మిల్లీమీటరులో ఏడవ వంతు దిగును. కాని నీటి అణువులు దానిని నలుదిక్కులా నిరంతరం తోస్తూనే ఉండును. ఆ తోపులాటలో అది ఒక్క రోజులోనే మూడున్నర మిల్లీమీటర్ల దూరం ఎటుపడితే అటు కొట్టుకొనిపోవును. ఏడాది దిగుడంతా గంటలోపు సంచారంలో చెరిగిపోయినట్లే. ఉప్పునీరూ పంచదార పానకమూ ఎన్నాళ్ళుంచినా అడుగున చిక్కబడకపోవుటకు కారణం ఇదే. ఈ సంచారాన్ని 'వ్యాపనం' అంటారు. దిగుడుకూ వ్యాపనానికీ జరిగే ఈ పోరులో దిగుడుకు బలం చేకూర్చాలంటే భూమ్యాకర్షణను లక్షల రెట్లు పెంచాలి. భూమిని పెంచలేము గనుక గిరగిర త్రిప్పాలి. పాలలోనుండి మీగడ తీసే యంత్రంలో జరిగేదీ ఈ త్రిప్పుడే.

ఇంత శ్రమ ఎందుకు? అణువు బరువును రసాయన విశ్లేషణతో కనుగొనలేమా? కనుగొనవచ్చును, కాని ఒక చిక్కు ఉన్నది. హిమోగ్లోబిన్‌లో ఇనుము నూటికి 0.335 వంతులని పందొమ్మిదవ శతాబ్దం చివరి నాటికే లెక్క తేలినది. ఇనుము పరమాణుభారం సుమారు 56. ఒక అణువులో ఒక ఇనుప పరమాణువే ఉన్నదనుకొంటే అణుభారం 16,700 కావాలి. రెండుంటే 33,400. మూడుంటే 50,100. నాలుగుంటే 66,800. విశ్లేషణ చెప్పగలిగేది కనీస భారాన్నే. అసలు భారం దానికి ఎన్ని రెట్లో అది చెప్పలేదు.

ఇక్కడ మన జిల్లాల వాని సంగతి ఒకటి చెప్పక తప్పదు. 1895లో భీమవరంలో జన్మించి, కొంతకాలం రాజమహేంద్రవరంలో చదివి, అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1925లో ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించినారు. ఆ పద్ధతి వారిద్దరి పేరుతోనే నేటికీ ప్రయోగశాలలలో ఉన్నది. 1929లో వారు కండరాలలో కనుగొన్నట్లు ప్రకటించిన ఎ.టి.పి. అనే పదార్థాన్ని ఉదాహరణగా తీసుకొందాము. అందులో భాస్వరం నూటికి 18.3 వంతులు. భాస్వరం పరమాణుభారం 31. పై లెక్కే చేస్తే అణుభారం 169 వచ్చును. నిజానికి అది 507, అనగా సరిగా మూడు రెట్లు. అణువులో మూడు భాస్వర పరమాణువులున్నవి గదా! అయితే ఎ.టి.పి. చిన్న అణువు. ఆమ్లంలో కాచితే దానినుండి రెండు ఫాస్ఫేటులు సులభంగా ఊడివచ్చి, మూడవది పట్టుకొని ఉండును. ఆ విధంగా రసాయనశాస్త్రం తన చిక్కును తానే విప్పుకొన్నది. వేల పరమాణువులున్న హిమోగ్లోబిన్‌ను అట్లు ఊడదీసి లెక్కపెట్టే మార్గం ఆ నాడు లేదు.

చిక్కు లెక్కతో ఆగలేదు. అసలు ప్రోటీనులకు నిర్దిష్టమైన అణుభారం అంటూ ఉన్నదా అన్న సందేహం 1920 ప్రాంతంలో బలంగా ఉండేది. ప్రోటీను అంటే చిన్నా పెద్దా ముద్దల కలగలుపనీ, మన బిందెలోని ఒండ్రువలె రకరకాల పరిమాణాల రేణువులనీ చాలామంది తలచినారు. అదే నిజమైతే హిమోగ్లోబిన్ బరువెంత అన్న ప్రశ్నకే అర్థం లేదు. ఒండ్రు రేణువు బరువెంత అని అడిగినట్లే. నేడు మనం ప్రోటీనుకు ఒక సూత్రం, ఒక ఆకృతి, ఒక భారం ఉన్నవని నిశ్చింతగా చెప్పుకొంటున్నాము. ఆ నిశ్చింతకు పునాది పడినది స్వీడన్ దేశంలోని ఉప్సలాలో.

ఉప్సలా విశ్వవిద్యాలయ ఆచార్యులు థియొడోర్ స్వెడ్‌బెర్గ్ కొల్లాయిడుల శాస్త్రవేత్త. బంగారం వంటి లోహాల అతిసూక్ష్మ రేణువుల పరిమాణాలు కొలుచుట ఆయన పని. 1923లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు, తిరుగుతున్న గొట్టంలో రేణువులు దిగుతుండగా కాంతి సాయంతో చూడగల యంత్రానికి ఆయన అంకురార్పణ చేసినారు. 1924లో ఉప్సలాలో హెర్మన్ రిండెతో కలిసి మెరుగుపరచిన యంత్రానికి 'అల్ట్రాసెంట్రిఫ్యూజ్' అని పేరు పెట్టినారు. మొదట పరీక్షించిన ప్రోటీనులలో పాలలోని కేసీన్ ఒకటి. అది చిన్నా పెద్దా రేణువుల కలగలుపుగానే కనబడినది. అందరూ ఊహించినదే జరిగినది. అక్కడితో ఆగి ఉంటే కథ మరోలా ఉండేది.

అప్పుడు ఆయనతో చేరినవారు రాబిన్ ఫారేయుస్ అనే వైద్యులు. ఈయన పేరు మనకు కొత్త గావచ్చును గాని ఈయన పని మనకు కొత్త కాదు. జ్వరం తగ్గనప్పుడు రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో రక్తపరీక్షకు పోతే చీటీలో ఇ.ఎస్.ఆర్. అని ఒక అంకె ఉండును. సన్నని గొట్టంలో నిలబెట్టిన రక్తంలో ఎర్రకణాలు గంటకు ఎన్ని మిల్లీమీటర్లు దిగినవో ఆ అంకె చెప్పును. ఆ పరీక్షను వైద్యలోకానికి పరిచయం చేసినవారిలో ఫారేయుస్ ముఖ్యులు. వ్యాధిలో ఎర్రకణాలు నాణేల దొంతరవలె ఒకదానికొకటి అంటుకొని త్వరగా దిగును. అది మన చిల్లగింజ న్యాయమే. ఎర్రకణాల దిగుడును ఎరిగిన వైద్యుడూ, బంగారు రేణువుల దిగుడును ఎరిగిన రసాయన శాస్త్రవేత్తా కలిసి ఎర్రకణంలోని హిమోగ్లోబిన్‌ను త్రిప్పి చూచినారు. దానికి సహజమైన రంగు ఉన్నందున కాంతిని పీల్చుకొనును. ఛాయాచిత్రంలో దాని జాడ స్పష్టంగా పడును.

ఫలితం స్వెడ్‌బెర్గ్ ఎదురుచూచినది కాదు. హిమోగ్లోబిన్‌లో చిన్నా పెద్దా లేవు. అణువులన్నీ ఒకే బరువు. ఆ బరువు దాదాపు 67,000. ఇనుము లెక్కలోని 16,700కు సరిగా నాలుగు రెట్లు. ఇంగ్లండులో అడెయిర్ ద్రవాభిసరణ పీడనాన్ని కొలిచి 1925 నాటికి దాదాపు ఇదే అంకెకు చేరినారు. ఒకరు పొరకు అడ్డంగా పీడనం కొలిచినారు, మరొకరు చక్రం త్రిప్పినారు. రెండు దారులూ ఒక్కచోటనే కలిసినవి. స్వెడ్‌బెర్గ్, ఫారేయుస్‌ల వ్యాసం 1926లో వెలువడినది. ఆ యేడే స్వెడ్‌బెర్గ్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది. కొల్లాయిడు రేణువులంటే కలగలుపే అన్న ఊహలో పెరిగినవారు తన యంత్రం చూపినదానికి తలవంచి అభిప్రాయం మార్చుకొన్నారు. బహుమానం కన్న ఈ విషయమే మాకు పెద్దదిగా తోచినది.

యంత్రం నిర్మాణాన్ని క్లుప్తంగా చెప్పుకొందాము. దృఢమైన లోహపు రోటరులో ఒక రంధ్రం. రంధ్రంలో ద్రావణం పోసిన చిన్న గది. గదికి పైనా క్రిందా స్ఫటికపు కిటికీలు. రోటరు తిరిగినప్పుడల్లా గది కాంతిపుంజం క్రిందికి వచ్చును, చిత్రం పడును. గది విసనకర్ర ఆకారంలో ఉండాలి. అణువులు కేంద్రంనుండి వెలుపలికి కిరణాలవలె సాగును గనుక గోడలు సమాంతరంగా ఉంటే వాటికి తగిలి పేరుకొని ద్రావణమంతా కలతచెందును. గాలి రాపిడికి వేడిపుట్టినా కలతే. అందుకే స్వెడ్‌బెర్గ్ రోటరును అల్పపీడన హైడ్రోజనులో త్రిప్పినారు. తరువాతి యంత్రాలు శూన్యంలోనే త్రిప్పుతున్నవి. 1926లో తైలపు టర్బైనుతో నిమిషానికి దాదాపు 42,000 చుట్లు సాధించినారు. అప్పుడు పుట్టే బలం భూమ్యాకర్షణకు దాదాపు లక్ష రెట్లు. అటువంటి వేగంలో లోహానికి కనబడని బీట ఉన్నా రోటరు పగిలి తునాతునకలగును. యంత్రం చుట్టూ దళసరి ఉక్కు కవచం ఉండుట అందుకే.

నేటి యంత్రంలో సాధారణమైన 60,000 చుట్ల వేగాన్ని తీసుకొందాము. కేంద్రానికి ఆరున్నర సెంటీమీటర్ల దూరంలో బలం భూమ్యాకర్షణకు 2,60,000 రెట్లు. ఏడాదికి మిల్లీమీటరులో ఏడవ వంతు దిగే హిమోగ్లోబిన్ ఇప్పుడు గంటకు 4 మిల్లీమీటర్లకు పైగా దిగును. ఇ.ఎస్.ఆర్. చీటీలోని అంకెవంటిదే ఈ అంకె! అక్కడ కణం, ఇక్కడ ఆ కణంలోని అణువు. గొట్టంలో ఎర్రకణాలకూ పైనున్న తేటకూ నడుమ గీత కనబడునట్లే ఇక్కడా ద్రావణానికీ తేటకూ నడుమ ఒక హద్దు ఏర్పడి మెల్లగా జరుగును. అణువులన్నీ సమానమైతే ఒకే హద్దు. రెండు రకాలైతే రెండు హద్దులు. ఒండ్రువంటి కలగలుపైతే హద్దు చెదిరి మసక మిగులును.

ఈ హద్దు వేగాన్ని త్రిప్పుడు పుట్టించిన త్వరణంతో భాగిస్తే వచ్చేది అవసాదన గుణకం. వేగాన్ని త్వరణంతో భాగిస్తే మిగిలేది కాలం గనుక దీని ప్రమాణం సెకను. అంకెలు మరీ చిన్నవి కావడం వల్ల సెకనులో పది లక్షల కోట్లవ వంతును ఒక ప్రమాణంగా తీసుకొని దానికి స్వెడ్‌బెర్గ్ పేరు పెట్టినారు. మన విద్యార్థిని పుస్తకంలోని 'ఎస్' అదే: ఒక మనిషి పేరులోని మొదటి అక్షరం. అది బరువును గాని పొడవును గాని చెప్పదు. ఎంత చురుకుగా దిగునో చెప్పును.

చురుకును బరువుగా మార్చాలి. అణువును దించే బలం దాని బరువును బట్టి ఉండును. ఆపే బలం నీటి ఘర్షణ. ఘర్షణ అణువు ఆకారాన్ని బట్టి మారును. ఆకారం మనకు తెలియదు. ఇక్కడ స్వెడ్‌బెర్గ్ చేసిన యుక్తి అందమైనది. అణువు వ్యాపనాన్ని అడ్డేదీ అదే ఘర్షణ. అవసాదన గుణకాన్ని వ్యాపన గుణకంతో భాగిస్తే రెండింటిలోనూ ఉన్న ఘర్షణ కొట్టివేయబడును. తెలియనిది తెలియకుండానే తొలగిపోవును. మిగిలే సూత్రం ఇది: వాయు స్థిరాంకం, పరమ ఉష్ణోగ్రత, అవసాదన గుణకం – ఈ మూడింటి లబ్ధాన్ని, వ్యాపన గుణకం, తేలుడు అంశం – ఈ రెండింటి లబ్ధంతో భాగిస్తే అణుభారం.

తేలుడు అంశం అంటే మాకు మొదట బోధపడలేదు. గోదావరిలో ఈదినవారికి నీరు తమను పైకి ఎత్తుట తెలిసినదే. ఒక గ్రాము ప్రోటీను సుమారు ముప్పావు ఘనసెంటీమీటరు చోటు ఆక్రమించును; అంత నీటి బరువు దానిని పైకి ఎత్తును. కనుక బరువులో నాలుగవ వంతే దిగుటకు పనికివచ్చును. హిమోగ్లోబిన్‌కు ఈ అంశం 0.2525. ఇక 20 డిగ్రీల వద్ద వాయు స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధం 2,436. అవసాదన గుణకం 4.5 × 10⁻¹³. వ్యాపన గుణకం 6.9 × 10⁻¹¹. లెక్కవేస్తే మోలుకు 62.9 కిలోగ్రాములు, అనగా అణుభారం 62,900. నేడు అణువు నిర్మాణమంతా తెలిసిన తరువాత తేలిన భారం సుమారు 64,500. తెలుగు మాష్టారు కాగితం మీద వేసిన లెక్క నూటికి మూడు వంతుల లోపు తేడాతో కుదిరినదంటే మాకే ఆశ్చర్యం కలిగినది. ఒక హెచ్చరిక: ప్రోటీను ఆక్రమించే చోటును కొలుచుటలో నూటికి ఒక వంతు పొరబడితే అణుభారంలో మూడు వంతులు పొరబడుదుము. నాలుగింట మూడు వంతులు కొట్టివేసి మిగిలిన దానిమీద కట్టిన లెక్క గదా!

మరొక పద్ధతి ఉన్నది. స్వెడ్‌బెర్గ్, ఫారేయుస్‌లు మొదట అనుసరించినది అదే. యంత్రాన్ని నెమ్మదిగా, గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి త్రిప్పుతారు. అణువులు అడుగుకు పూర్తిగా చేరవు; దిగుడూ వ్యాపనమూ సరితూగి ఒక సమతాస్థితి ఏర్పడును. కొండపైకి పోయినకొద్దీ గాలి పలుచబడునట్లు, కేంద్రంవైపు పోయినకొద్దీ ద్రావణం పలుచబడును. ఎంత చురుకుగా పలుచబడునో చూచి అణుభారం చెప్పవచ్చును. ఏదీ కదలని స్థితిలో ఘర్షణ ప్రసక్తి లేదు గనుక ఆకారంతో పనిలేదు. వ్యాపన గుణకం వేరుగా కొలవనక్కరలేదు. ఓపిక మాత్రం కావాలి.

స్వెడ్‌బెర్గ్ పొరబడిన విషయం కూడా చెప్పుట న్యాయం. కోడిగ్రుడ్డులోని ఆల్బుమిన్‌కు ఆయనకు 34,500 వచ్చినది. హిమోగ్లోబిన్‌ది దానికి రెండు రెట్లు. మరికొన్ని ప్రోటీనులూ ఇట్లే గుణిజాలుగా కనబడేసరికి ప్రోటీనుల భారాలన్నీ ఒకే మూలసంఖ్యకు గుణిజాలని ఒక నియమం ప్రతిపాదించినారు. ఆ సంఖ్యను తరువాత 17,600గా మార్చినారు. నియమం చూడ ముచ్చటగా ఉన్నది గాని నిలువలేదు. ఆల్బుమిన్ అసలు భారం సుమారు 45,000. అంకెలు అందంగా పేర్చబడినప్పుడే ఎక్కువ అనుమానించాలని మా మిత్రులు అంటారు. నియమం పోయినా దాని వెనుక ఉన్న ఒక పరిశీలన మిగిలినది: నత్తల రక్తంలోని హీమోసయనిన్ అనే లక్షల భారం గల ప్రోటీను ద్రావణపు ఆమ్లత మారితే సగాలుగా, మరికొంత మారితే ఇంకా చిన్న ఖండాలుగా విడిపోయి, ఆమ్లతను సరిచేస్తే మళ్ళీ కూడుకొనును. పెద్ద ప్రోటీనులు చిన్న ఖండాల కూర్పులని అట్లు తెలిసినది. హిమోగ్లోబిన్ కూడా నాలుగు ఖండాల కూర్పేనని, ఒక్కొక్కదానికి ఒక్క ఇనుప పరమాణువని 1960లో పెరుట్జ్ ఎక్స్‌కిరణాలతో తీసిన ఆకృతిలో కంటికి కనబడినది.

ఇక 30, 50, 70. ఖండాల బరువులు సుమారు 9 లక్షలు, 16 లక్షలు. రైబోసోము బరువు సుమారు 25 లక్షలు. బరువులు మామూలుగానే కూడుకొన్నవి. కూడుకోనివి చురుకులు. రెండు ఖండాలు అతుక్కొన్నప్పుడు బరువు కలియును. కాని అతుకులోని ముఖాలు నీటికి తగలవు గనుక మొత్తం ఘర్షణ రెండు ఘర్షణల మొత్తం కన్న తక్కువ. అందుచేత జంట, విడి ఖండాలలో దేనికన్నా చురుకుగా దిగును. కాని 80 అంత చురుకుగా కాదు. ఖండాలు గోళాలనుకొంటే చురుకు బరువు యొక్క మూడింట రెండవ ఘాతాన్ని అనుసరించును. ఆ లెక్కన 30, 50 కలిసి 64.5 రావాలి. కొలిస్తే 70 వచ్చినది. నిజమైన ఖండాలు గోళాలు కావు. విడిగా ఉన్నప్పుడు వంకరటింకర రూపాలతో ఎక్కువ ఘర్షణకు లోనై, కలిసినప్పుడు పొందికగా ముడుచుకొనును. ఈ 30 ఎస్ ఖండం ఆకృతినే పరమాణువుల స్థాయిలో 2000లో వెలువరించినందుకు వెంకట్రామన్ రామకృష్ణన్ 2009లో నోబెల్ బహుమానంలో భాగస్వాములైనారు.

ఈ యంత్రం ఇచ్చిన మాటలు మన ఇండ్లలోకి వచ్చినవి, మనం గమనించలేదు. గుండెజబ్బు భయంతో చేయించుకొనే పరీక్షలో ఎల్.డి.ఎల్., హెచ్.డి.ఎల్. అని ఉండును, అల్పసాంద్రత, అధికసాంద్రత అని వాటి అర్థం. 1950 ప్రాంతంలో కాలిఫోర్నియాలో గోఫ్‌మన్ రక్తంలోని కొవ్వు ప్రోటీనులను ఉప్పు ద్రావణంలో త్రిప్పి, మీగడవలె తేలినవాటిని వేరుచేయగా వాటి సాంద్రతలను బట్టి వచ్చిన పేర్లివి. 1958లో మెసెల్సన్, స్టాల్ అనే యువకులు సీజియం క్లోరైడు ద్రావణంలో డి.ఎన్.ఎ.ను త్రిప్పి, ప్రతి కొత్త జంటలోనూ ఒక పోగు పాతదీ ఒకటి కొత్తదీ అని చూపినారు. అది వేరొక వ్యాసానికి తగిన కథ.

నేడు అణుభారానికి ఇంతకన్న సులభమైన మార్గాలున్నవి. సబ్బువంటి పదార్థంతో ప్రోటీనును విప్పి జిగురుపొరలో విద్యుత్తుతో పరుగెత్తించే పద్ధతి 1970 ప్రాంతంనుండి ప్రతి ప్రయోగశాలలోనూ ఉన్నది. ద్రవ్యరాశి వర్ణపటమాపకం దానికన్న ఎంతో సూక్ష్మమైనది. కాని హిమోగ్లోబిన్‌ను ఆ జిగురుపొర మీద పెడితే ఖండాలు విడిపోయి సుమారు 16,000 అని చెప్పును. మళ్ళీ ఇనుము లెక్క దగ్గరకే వచ్చినాము! నాలుగు కలిసి ఒకటిగా ద్రావణంలో ఉన్నవని తెలియాలంటే విప్పకుండా తూచాలి. అందుకే ప్రోటీనులు తమలో తాము ఎట్లు జతకూడుచున్నవో తెలియగోరేవారు నేటికీ చక్రాన్నే త్రిప్పుతున్నారు.

ఈ వ్యాసం ముగిస్తుండగా మా విద్యార్థిని మళ్ళీ వచ్చినది. మనుషుల కణాలలోని రైబోసోము 80 ఎస్. దాని ఖండాలు 40, 60. గోళాల లెక్కను తానే వేసుకొని వచ్చినది: 80.2. "ఇక్కడ సరిగా కుదిరినది, మాస్టారూ! అయితే మన రైబోసోము ఖండాలు నిజంగా గోళాలేనా?" కాగితాన్ని మా మిత్రుల వద్దకు తీసుకొని పోయినాము. వారు గుణకారం సరిచూచి, తప్పులేదని చెప్పి, 34,500 కథను ఆమెకు మొదటినుండి చెప్పుటకు కూర్చున్నారు.